మంచు ఊరి స్టేషన్ బల్లకు ఆరు గలీబులు

బహ్రెయిన్‌లో రైలు లేదు. పదిహేడేళ్ళుగా అరాద్‌లో ఒకే దుకాణంలో, ఒకే కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి చెబుతున్నాను, నమ్మండి. విమానాలు మా నెత్తిమీదుగానే దిగుతాయి. ఓడలున్నాయి, కార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రైలు మాత్రం లేదు. అలాంటి దేశంలో కూర్చుని, నేను ఎన్నడూ చూడని, ఇక చూడలేని ఒక రైల్వే స్టేషన్ కోసం పనిచేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మాది సిరిసిల్ల. మా నాయన మగ్గం నేసినవాడు. నాకు నేత అబ్బలేదు, కుట్టు అబ్బింది. నా కోపం సంగతి కూడా ముందే చెప్పేస్తాను, లేకపోతే మా అన్న నవ్వుతాడు. కొలతలు దగ్గరుండి ఇచ్చి, మర్నాడు వచ్చి 'ఇంకొంచెం లూజు పెట్టాల్సింది' అనే గిరాకీని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కత్తెర టేబుల్ మీద గట్టిగా పెట్టేస్తాను. అప్పుడు గిరాకీని బుజ్జగించి పంపేది అన్నే. ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. మా జిల్లావాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద, అదే దుకాణంలో ఇస్త్రీ చేస్తాడు. కఫీల్, అంటే మా అరబ్బు యజమాని, నెలకోసారి వచ్చి ఛాయ్ తాగి పోతాడు కాబట్టి, మిగతా రోజులన్నీ ఆ దుకాణం మా ఇద్దరిదే.

మా గిరాకీల్లో ఒక జపాను మేడమ్ ఉండేది. ఆమె భర్త సీఫ్‌లో ఏదో పెద్ద ఆఫీసులో ఇంజనీరు. నాలుగేళ్ళ కిందట కర్టెన్ల కోసం మొదటిసారి వచ్చింది. పని ఇచ్చేటప్పుడు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి నడుం వంచి దండం పెట్టేది. నన్ను 'మాస్టర్ సాన్' అని పిలిచేది. సాన్ అంటే వాళ్ళలో 'గారు' అన్నమాట. ఆమె అటు వెళ్ళగానే అన్న మొదలుపెట్టేవాడు. "ఏం సాన్, ఛాయ్ తాగుతవా? సాన్, గా గుండీలు గిటు ఇయ్యి." ఆమె ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ అరకొరే. మిగిలినదంతా చేతులతో, మొహంతో, ఫోనులో బొమ్మలతో నడిపేవాళ్ళం. ఆమె మాటలు నేనిక్కడ తిన్నగా రాస్తున్నానంటే, అవి నాకు అర్థమైనట్టు రాస్తున్నానని లెక్క.

ఒక చలికాలం పొద్దున ఆమె చేతిలో మూటతో వచ్చింది. మూటను రెండు చేతులతో టేబుల్ మీద పెట్టింది. ఎడమచేతి మూడు వేళ్ళకు ప్లాస్టర్లు.

"ఏమైంది మేడమ్?"

"సూది," అని సిగ్గుపడింది. "నాకు కుట్టడం రాదు, మాస్టర్ సాన్."

తర్వాత అరగంట సేపు నిలబడే చెప్పింది. వాళ్ళ అమ్మకు ఎనభై ఏడేళ్ళు. కొండల మధ్య చిన్న ఊరు. ఆ ఊరికో స్టేషన్. స్టేషన్ అంటే ఒక్క ప్లాట్‌ఫాం, ఒక్క చెక్క గది. టికెట్టు ఇచ్చేవాడు లేడు, మాస్టరు లేడు, జెండా ఊపేవాడు లేడు. అందరినీ తీసేసి ఎన్నో ఏళ్ళయింది. అప్పటినుంచి రోజూ తెల్లవారి ఆ గది ఊడ్చేది వాళ్ళమ్మే. ఎవరూ చెప్పలేదు, జీతం లేదు. గదిలో ఆరుగురు కూర్చునే చెక్క బల్ల ఒకటుంది. మంచు పడే కాలంలో ఆ చెక్క మీద కూర్చుంటే ఎముకల్లోకి చలి ఎక్కుతుందట. అందుకని ఆమె ఏటా పాతబట్టలతో ఆరు మెత్తలకు గలీబులు కుట్టి బల్లమీద వేస్తుంది. ఈసారి చేతులు వణుకుతున్నాయి, కుట్టలేకపోయింది. ఈ నెలాఖరుకు ఆ స్టేషన్ మూసేస్తున్నారు. ఎక్కేవాళ్ళు లేరు. ఆఖరి రైలు పోయాక ఇంక ఆ దారిన బండి రాదు.

"ఆఖరి రోజున బల్ల బోసిగా ఉండకూడదు అని అమ్మ ఫోనులో అన్నది," అని చెప్పింది మేడమ్. "నేను కుడతానని మాట ఇచ్చేశాను."

నా నోరు ఊరుకుంటుందా? "దీనికింత కష్టం ఎందుకు మేడమ్, సీఫ్‌లో ఏ మాల్‌కు పోయినా మెత్తలు రాసులు పోసి ఉంటాయి," అన్నాను.

ఆమె మూట విప్పింది. లోపల వాళ్ళు కట్టుకునే కిమోనో ఒకటి. ముదురు నీలం మీద సన్నటి తెల్ల చారలు, లోపల తెల్లటి అస్తరు. అరవై ఏళ్ళ కిందట వాళ్ళమ్మ కొత్త కోడలిగా ఆ స్టేషన్‌లో మొదటిసారి రైలు దిగినప్పుడు ఒంటిమీద ఉన్నది ఆ బట్టేనట. ఏటా ఏదో ఒక పాతబట్ట కత్తిరించినా, దీన్ని మాత్రం ముట్టుకోలేదు. ఈసారి తనే తీసి కూతురికి పార్సిల్‌లో పంపింది.

అన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మతో నేనే కుట్టానని చెబుతాను. మీకు పరవాలేదా?" అని అడిగింది మేడమ్.

"నాకేం పోయింది మేడమ్, అలాగే చెప్పండి," అన్నాను.

అప్పుడామె ఫోనులో ఒక వీడియో చూపించింది, నాకు పంపింది కూడా. కిందటి చలికాలం తను ఊరికి వెళ్ళినప్పుడు తీసిందట. దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో చెబితే మీరు నవ్వుతారు. చుట్టూ తెల్లటి మంచు, మధ్యలో ఆ చెక్క గది. ఒకే ఒక్క పెట్టె ఉన్న రైలు వచ్చి ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ దిగరు. ఎవరూ ఎక్కరు. తెల్ల గ్లౌజులు వేసుకున్న డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫాం ఈ కొసనుంచి ఆ కొసదాకా చూస్తాడు. చేయి చాచి, వేలుతో చూపించి, గట్టిగా ఏదో అంటాడు. తలుపు మూసుకుంటుంది. మళ్ళీ ముందుకు తిరిగి సిగ్నల్ వైపు వేలు చూపించి, మళ్ళీ గట్టిగా ఏదో అంటాడు. అప్పుడు బండి కదులుతుంది.

"ఎవరితో మాట్లాడుతున్నాడు?" అని అడిగాను.

"తనతోనే. తలుపు చూశాను, సరిగా ఉంది. సిగ్నల్ చూశాను, సరిగా ఉంది. అలా వేలు చూపించి పైకి అనాలి. మా దగ్గర అందరు డ్రైవర్లూ అనాలి."

"ఎవరూ లేకపోయినా?"

"ఎవరూ లేకపోయినా."

నాకు తెలిసిన రైలు వేరు. కాజీపేటలో జనరల్ పెట్టె కిటికీలోంచి సంచీ లోపలికి విసిరి, దాని వెనకే తల దూర్చి ఎక్కినవాణ్ణి నేను. ఇక్కడ చూస్తే మనిషన్నవాడు లేని ప్లాట్‌ఫాంకు ఇంత మర్యాద. ఒక మూల చెక్కపెట్టె కనిపిస్తే ఏమిటని అడిగాను. దిగినవాళ్ళు వాడేసిన టికెట్లు అందులో వేసి వెళ్ళాలట. చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు. అయినా వేస్తారట.

అన్నకు మాత్రం మెత్తల మీదే ధ్యాస. "మన దిక్కయితే మెత్తలు గాదు, బల్లనే లేపుకపోతుండిరి. అడుగు, ఎన్నడన్న పోయినయా అని అడుగు."

అడిగాను. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. "ఎక్కడికి పోతాయి?" అంది. చేతులతో, మొహంతో దొంగతనం ఆడి చూపించాక ఆలోచించి, ఒకసారి ఒకటి కనబడలేదని చెప్పింది. వారం తర్వాత ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి తెచ్చి ఉంచారట. ఎవరి పసిబిడ్డో దానిమీద పాలు కక్కిందట. అన్న నావైపు చూశాడు, నేను అన్నవైపు చూశాను.

ఆ మధ్యాహ్నం కిమోనో విప్పడానికి కూర్చున్నాను. చొక్కా కుట్లు విప్పితే ఏం మిగులుతుందో దర్జీని అడగండి. చంకలో వంపు, మెడలో గుండ్రం, భుజం దగ్గర వాలు. అన్నీ తునకలే. ఇందులో వంపన్నదే లేదు. ప్రతి కుట్టూ సూటిగా పోయింది. మెడ దగ్గర ఒక చిన్న గాటు తప్ప కత్తెర అడ్డదిడ్డంగా పడిన చోటు కనిపించలేదు. మిగులు గుడ్డను కోసి పారేయకుండా లోపలికి మడిచి దాచారు. అన్నీ విప్పి టేబుల్ మీద పరిచేసరికి ఎనిమిది నిలువు పట్టీలు, ఒక్కొక్కటి మూరెడు వెడల్పు కూడా లేదు, అంచులు మాత్రం చెక్కుచెదరలేదు. పక్కపక్కన పెడితే చారలు కలిసిపోయాయి. మగ్గం మీదనుంచి దిగిన ఒక్క తాను నా కళ్ళముందు మళ్ళీ నిలబడింది.

"అన్నా, ఇటు రా," అని కేకేశాను. "కుట్టినోనికి ఎరుకే, దీన్ని మల్ల ఎవడో విప్పుతడని. నాకోసమని తొవ్వ ఇడిసిపెట్టిండు చూడు."

"నీకోసమా? అరవై ఏండ్ల కింద? నువ్వు పుట్టనే లేదు గదరా."

"అందుకే చెప్తున్న."

మా నాయన ఉంటే ఆ బట్టను వెలుగుకు పట్టి, పడుగు ఏదో పేక ఏదో చూసి, గంటసేపు వదిలేవాడు కాదు. ఆయన లేడు కాబట్టి నేనే పట్టి చూశాను. అంత ఒత్తుగా, అంత సమంగా నేసిన గుడ్డ నా చేతిలో ఎప్పుడూ పడలేదు. ఎవరు నేశారో, ఏ ఊళ్ళో కూర్చుని నేశారో. ఆ మనిషికి అక్కడికక్కడే చేతులెత్తి మొక్కాలనిపించింది, మొక్కాను కూడా.

అయితే గుడ్డ చాలా చోట్ల అరిగిపోయి ఉంది. అంచుల్లో పురుగు కొట్టింది. పనికొచ్చే భాగాలన్నీ కొలిస్తే సరిగ్గా ఆరు గలీబులకు వచ్చేంత ఉంది, జానెడు అటూ ఇటూ కూడా మిగలదు. ఒక్క కత్తెర పక్కకు పోతే బల్లమీద ఒక సీటు బోసిగా ఉండిపోతుంది. ఆ ముసలమ్మ అడిగింది ఆరు. పట్టీ వెడల్పు పద్నాలుగు అంగుళాలు, మెత్తకు పద్దెనిమిది కావాలి. అంటే ప్రతి గలీబుకూ పట్టీ పక్కన పట్టీ అతకాలి, అతుకు దగ్గర చారలు కలవాలి. పదిహేడేళ్ళ నా సర్వీసులో కత్తెర పట్టుకుని మళ్ళీ కింద పెట్టింది ఆ రోజే.

ఏం చేశానో చెబితే నవ్వకండి. కత్తెర పెట్టబోయే ముందు సున్నపుగీత మీదికి వేలు చాచి, పైకే అన్నాను. "గీత చూసిన, సరిగ్గుంది. చార చూసిన, సరిగ్గుంది. పొడుగు చూసిన, సరిగ్గుంది." అప్పుడు కోశాను. మళ్ళీ తర్వాతి గీత. మళ్ళీ వేలు. అన్న కాసేపు చూసి, "ఏమైందిరా నీకు, మతి గిట్ల తప్పిందా?" అన్నాడు. "డ్యూటీల ఉన్న, మాట్లాడకు," అన్నాను. నాలుగో గలీబు దగ్గర నేను పొడుగు అనడం మరిచిపోయాను. "పొడుగు చూడలేదు, ఆగు," అని అరిచింది అన్నే. చూస్తే నిజంగానే అర అంగుళం తక్కువ గీసి ఉన్నాను. గీత చెరిపి మళ్ళీ గీశాను. ఆ తర్వాత మిగతా రెండు అయ్యేదాకా అన్న ఇస్త్రీ మానేసి నా పక్కనే నిలబడ్డాడు.

ఆరూ అయ్యాయి. పైన నీలం చారల గుడ్డ, వెనకవైపు ఆ కిమోనో తెల్ల అస్తరే వేశాను. మూలలు చేత్తో తిప్పి కుట్టాను. అన్న వాటిని ఇస్త్రీ చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, కాసేపు తృప్తిగా చూసుకున్నాడు.

"పసుపు పెట్టకుంట ఎట్ల పంపుతం?" అన్నాడు.

నిజమే కదా అనిపించింది. మన ఇళ్ళల్లో కొత్తబట్ట కట్టుకునే ముందు ఓ కొసకు పసుపు బొట్టు పెడతాం. గిరాకీ బట్టలకు మేం ఎప్పుడూ పెట్టలేదు, పెట్టకూడదు కూడా. కానీ ఇది ఒక పెద్దమ్మ చేతికి, ఒక మంచి పనికి పోతున్న బట్ట. వంట డబ్బాలోంచి అన్న చిటికెడు పసుపు తెచ్చి తడిపాడు. వెనకవైపు తెల్ల అస్తరు మీద, ఓ మూల, ఆరింటికీ ఆరు బొట్లు పెట్టాను. మనసు నిండిపోయింది. ఆ సాయంత్రం మేడమ్ వచ్చి, ముందువైపే చూసి, కళ్ళు తడిచేసుకుని తీసుకెళ్ళింది. మర్నాడు సాయంత్రం ఆమెకు విమానం.

మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తుతుండగా ఆమె గుమ్మంలో ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో తడి గలీబులు. లోపలికి రాగానే నడుం ఎంత కిందికి వంచిందంటే నాకు ఆమె మొహం కనబడలేదు.

"మాస్టర్ సాన్, క్షమించండి. మీ పని నేను పాడుచేశాను."

గలీబులు టేబుల్ మీద పరిచింది. ఆరింటి వెనకా, తెల్ల అస్తరు మీద, అరచేయంత ఎర్రటి మరకలు. పెళ్ళికూతురు కాళ్ళకు పెట్టే పారాణి రంగు. చూడగానే నాకు తెలిసిపోయింది. ఇంటికెళ్ళాక ఆమె పసుపు చుక్కలు చూసి, తన చేతిదే ఏదో అంటిందనుకుని, సబ్బుపెట్టి రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు, ఆమెకెలా తెలుస్తుంది? అది నెత్తురులా మారేసరికి భయపడి ఇంకా రుద్దింది.

తప్పు నాది. ఆమె నా ముందు వంగి నిలబడి ఉంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటేమిటో తెలుసా? "పరవాలేదు మేడమ్." ఛీ! పెద్దమనిషిలా ఆమెను క్షమించేశాను. ఇది రాస్తుంటే కూడా నాకు సిగ్గేస్తున్నది. అన్న నన్ను చూసిన చూపుకు తల ఎత్తలేకపోయాను.

కంగారులో నాకేమీ తోచలేదు. సిరిసిల్లలో ఉన్న మా ఆవిడకు ఫోన్ కొట్టాను. ఆమె సంగతంతా విని నన్ను దులిపేసింది. "అంత పెద్ద దర్జీవి, పసుపు మరక ఎండకు పోతదని తెల్వదా నీకు? సబ్బు మొత్తం పోయేదాక మంచినీళ్ళల్ల జాడించు, ఎండల ఎయ్యి. ఊకె రుద్దకు, గుడ్డ పాతదంటున్నవ్. ఇగ ఫోన్ పెట్టు, ఆడ నిలబడి ఏం జేస్తున్నవ్!"

జాడించాం. ఎరుపు మళ్ళీ పసుపుకు తిరిగింది. దుకాణం పైన మిద్దె ఉంది. అక్కడ తాడు కట్టి, నీలం గుడ్డ రంగు వెలవకుండా దాన్ని నీడ వైపుకు, తెల్ల అస్తరు ఆకాశం వైపుకు తిప్పి ఆరేశాం. ఏడాదిలో తొమ్మిది నెలలు మా ప్రాణం తీసే ఎండ, ఆ రోజు చూద్దామంటే లేదు. దుమ్ముగాలి లేచి ఆకాశమంతా బూడిద రంగులో ఉంది. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. మేడమ్ ఓ మూల ఖాళీ డబ్బా మీద కూర్చుని, ఆరు బొట్లనూ మార్చి మార్చి చూస్తున్నది.

"జెప్పు," అన్నాడు అన్న, నా చెవిలో.

"చెప్త."

"ఎప్పుడు? ఆమె ఇమానం ఎక్కినంకనా? నువ్వు జెప్పకుంటే నేనే జెప్త. పసుపు కలిపింది నేను."

వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. మీరు పాడుచేయలేదు, ఆ పసుపు నేనే పెట్టాను, తెలిసే పెట్టాను, పొద్దున చెప్పకుండా దాచాను అని చెప్పాను. నాకు తెలిసిన ఇంగ్లీషంతా అయిపోయింది. ఎందుకు పెట్టారని అడిగింది. కొత్తబట్టకు మంచి జరగాలని పెడతామని చెప్పాను.

"గిరాకీలందరికీ పెడతారా?"

"లేదు మేడమ్. గిరాకీలకు పెట్టం. ఇంట్లోవాళ్ళ బట్టలకే పెడతాం. వీటికి పెట్టాలన్నది మా అన్న."

ఆమె తాడు మీది ఆరు బొట్లనూ మరోసారి చూసింది. తర్వాత లేచి నాకు కాదు, అన్నకు నడుం వంచి దండం పెట్టింది. అన్న గాభరాపడి, ఏం చేయాలో తెలియక, తనూ వంగాడు. ఇద్దరూ అలా ఎంతసేపు వంగుతారో అని నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పదిన్నరకు ఎండ వచ్చింది. మేం ముగ్గురం తాడు కింద నిలబడి, నీడ పడకుండా ఒక్కో గలీబునూ సూర్యుడి వెంట తిప్పుతూ పోయాం. పన్నెండుకు పసుపు పలచబడింది. రెండుకు నాలుగు తెల్లబడ్డాయి. మూడున్నరకు ఆరూ తెల్లగా అయ్యాయి. వెతికినా కనబడలేదు. అన్న గబగబా ఇస్త్రీ చేసి, పట్టుబట్టల్లా మడతపెట్టి ఇచ్చాడు. ఆమె వాటిని సూట్‌కేసులో పెట్టలేదు, చేతిసంచిలో పెట్టుకుని ఒళ్ళో పట్టుకుని కారెక్కింది. "యల్లా, యల్లా" అని డ్రైవరు తొందరపెడుతుంటే, కారు కదిలాక కూడా కిటికీలోంచి తల వంచుతూనే ఉంది.

వారం తర్వాత ఒక శుక్రవారం ఆమె ఫోన్ చేసింది. మాకు మధ్యాహ్నం పన్నెండు, దుకాణం మూసి ఉంది, అన్నం వండుకుంటున్నాం. అక్కడ సాయంత్రం ఆరు. వీడియో తెరవగానే ఆ గదే కనబడింది. నేను వంద సార్లు చూసిన గది, ఈసారి జనంతో నిండి ఉంది. ఎక్కడెక్కడినుంచో కెమెరాలు పట్టుకుని వచ్చారు ఆఖరి రైలు చూడటానికి. బల్లమీద ఆరు మెత్తలు. నా చారలు కలిశాయి అన్నా, చూడు, అని అరిచాను. ఆరింటిమీదా ఎవరెవరో కూర్చున్నారు. ఆ ముసలమ్మ మాత్రం నిలబడే ఉంది, చేతికర్ర ఆనుకుని, వచ్చినవాళ్ళందరికీ తల వంచుతూ, కూర్చోమని చోటు చూపిస్తూ.

మేడమ్ నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "మాస్టర్ సాన్, అబద్ధం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. అమ్మకు కళ్ళు సరిగా కనబడవు. చేత్తో మూల తడిమి, ఇది నీ చేయి కాదు అనేసింది. అంతా చెప్పేశాను. మీతో మాట్లాడాలంటోంది."

ముసలమ్మ మొహం ఫోను నిండా వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, చేతిలో గరిటె కూడా అలాగే ఉంది. ఆమె మెల్లగా ఏదో చెప్పింది. కూతురు తిప్పి చెప్పింది.

"మూలలు చాలా బాగా తిరిగాయట. తనకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అంత బాగా రాలేదట."

నన్ను మెచ్చుకున్న గిరాకీలు లేకపోలేదు. కానీ కుట్టడం తెలిసిన చేయి తడిమి చెప్పిన మాట అదొక్కటే. రెండు చేతులూ జోడించాను, గరిటెతోనే.

రైలు వచ్చింది. అదే ఒక్క పెట్టె. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. తెల్ల గ్లౌజుల డ్రైవరు తల బయటపెట్టి ప్లాట్‌ఫాం ఆ కొసదాకా చూశాడు. వేలు చాచి తన మాట తను అన్నాడు. ఇన్నాళ్ళూ ఎవరూ లేకపోయినా ఎలా అన్నాడో, ఇంతమంది చూస్తున్నా అలాగే అన్నాడు, ఎక్కువా లేదు తక్కువా లేదు. బండి కదిలింది. వెనక దీపం మంచులో కలిసిపోయేదాకా కెమెరాలన్నీ అటే తిరిగి ఉన్నాయి. ముసలమ్మ అటే చూస్తూ నడుం వంచి, అలాగే ఉండిపోయింది.

జనం మెల్లగా వెళ్ళిపోయారు. గదిలో తల్లీకూతుళ్ళు మిగిలారు. ఇంక పద అన్నట్టుగా మేడమ్ ఫోను గూట్లో ఆనించి, బల్లమీది మెత్తలు ఒక్కొక్కటీ తీసి చంకలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. రెండోది తీయబోతుంటే ముసలమ్మ కర్ర అడ్డం పెట్టింది. ఇద్దరూ ఏదో అనుకున్నారు. కూతురు మొహం మారిపోయింది. తీసినదాన్ని మళ్ళీ దాని చోట పెట్టి, చేత్తో సర్ది, ఫోను దగ్గరికొచ్చింది.

"ఏం జెప్పిందో అడుగు," అన్నాడు అన్న.

ఆమె మాట కూడదీసుకుని చెప్పింది. "తీయొద్దంది. రేపెవరైనా తెలియక వస్తే, రైలు కోసం చల్లటి చెక్క మీద కూర్చోవాల్సి వస్తుంది కదా అంది. అమ్మా, రైలు ఆగిపోయిందని అందరికీ తెలుసు, పేపర్లో కూడా వచ్చింది అన్నాను." అక్కడ ఆగి, వెనక్కి తిరిగి తల్లిని చూసింది. "తెలియనివాళ్ళ కోసమే కదా చెబుతున్నాను అంది."

తెలుగులో చెప్పమంటూ అన్న నా భుజం పట్టి కుదిపాడు. చెప్పాను. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. ఏడుస్తూనే, ఇక ఎవరూ రాని ఆ బల్లను, దానిమీద ఒకదాని పక్కన ఒకటి ఉన్న ఆ ఆరు మెత్తలను చూస్తూ కూర్చున్నాను.